మా బావ ఫోన్లో కురిసిన వాన

నా ఫోన్ తెరిస్తే ముందుగా కనిపించే బొమ్మలు నాలుగే. మాట్లాడుకోవడానికి ఒకటి, వెలుతురుకు టార్చి ఒకటి, తిథులు చూసుకోవడానికి పంచాంగం ఒకటి, పురుగుమందు డబ్బాల మీద చీమలబారులాంటి అక్షరాలను పెద్దవి చేసి చూపించే భూతద్దం ఒకటి. ఐదోది పెట్టుకో, ఐదోది పెట్టుకో అని మా బావ రాజేశ్వర్ రెండేళ్ళు నా వెంటపడ్డాడు. ఇప్పుడు మానేశాడు. మొన్న ఎండాకాలం పసుపు ఆరబెట్టినప్పటి నుంచి ఆయన ఫోన్ల ఊసే ఎత్తడం లేదు. ఆయన ఎత్తడు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

రాజేశ్వర్ మా చెల్లెలు ముత్తెమ్మ భర్త. ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆర్మూర్ అంచున, గుట్ట కింద వాళ్ళకు రెండెకరాల పసుపు, ఎకరం మక్కజొన్న. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. తెలివిలో ఎంత పెద్దవాడో ఆయన ఫోన్లో ఎక్కడో రాసే ఉంటుంది, వెతుక్కోవాలి. ఆ వెతుకులాట మాత్రం సులువు కాదు. హోమ్ స్క్రీన్ నిండా బొమ్మలే. ఒక పేజీ అయిపోయిందనుకుంటే ఇంకో పేజీ, దాని వెనక ఇంకోటి. వేలు పెట్టడానికి ఖాళీ చోటు దొరక్క, ఫోన్ ఆపాలనుకుని రెండుసార్లు రైలు టికెట్టు బుక్ చేయబోయిన మనిషి ఆయన.

బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో రోజూ పొద్దున ఆయనకు కొలువు. ఫోన్‌ను బల్ల మీద పడుకోబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"బావా, హోమ్ స్క్రీన్ అంటే ఇంటి దర్వాజ లెక్క. రోజు పనికొచ్చేటియే దర్వాజ కాడ పెట్టుకోవాలె. తక్కినయి లోపట అర్రల పెట్టాలె."

"నీ దర్వాజ కాడ డెబ్బై ఉన్నయి గద బావా. మనిషి లోపటికెట్ల పోతడు?"

"అన్నీ పనికొచ్చేటియే. ఏది తీసెయ్యాల్నో నువ్వు చెప్పు."

ఏది తీసేయమని చెప్పను. అడుగులు లెక్కపెట్టేది ఒకటుంది. ఒకసారి కాలు బెణికి మంచాన పడ్డప్పుడు, లెక్క తెగిపోతుందని ఫోన్‌ను గుడ్డలో చుట్టి బర్రె మెడకు కట్టాడు. సాయంత్రానికి పదకొండు వేల అడుగులు. ఫోన్ ఆయనను మెచ్చుకుంది. రేపు కూడా ఇదే పట్టుదల చూపించమంది. చెరువులో మునిగినా ఫోన్ ఎట్లా బతికిందని నన్నడగకండి. నీళ్ళలో ఉన్నంతసేపూ బర్రె మెడ ఎత్తి పట్టుకుందట. అది బావ చెప్పిన మాట, నేను కల్పించింది కాదు. నేను కల్పిస్తే బర్రె ఈత కూడా కొట్టేది.

నీళ్ళు తాగమని గుర్తుచేసేది ఇంకోటి. మా వాడకట్టులో ఒక పెద్దమనిషి పోతే పదకొండో రోజు అందరం వెళ్ళాం. పోయినాయన ఫొటో ముందు నిలబడి తలలు వంచుకున్నాం. బావ జేబులోంచి ఒక ఆడగొంతు, "మీరు చాలా బాగా చేస్తున్నారు, ఇంకొక్క గ్లాసు తీసుకోండి" అంది. ఇంటి వెనక అప్పటికే గ్లాసులు మొదలుపెట్టినవాళ్ళు ఆ మాట విని ఎంత ధైర్యం తెచ్చుకున్నారో చెప్పలేను.

దిక్కులు చూపించేది ఉంది. పుట్టినప్పటి నుంచి గుట్టను చూస్తూ పెరిగిన మనిషి, గుట్ట ఏ దిక్కున ఉందో ఫోన్లో చూసి నిర్ధారణ చేసుకునేవాడు. ఆకు ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పేది ఉంది. అది ఆయన పసుపు చేనును చూసి, ఇది పూలకుండీల్లో పెంచుకునే అందమైన మొక్క, రోజుకు రెండు చెంచాల నీళ్ళు చాలు అంది. చప్పుడును కొలిచేది ఉంది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

వీటన్నిటికీ పెద్ద, 'రైతు దోస్తు'. ఒకే బొమ్మ నొక్కితే పైన ఊరి పేరు, దాని కింద పసుపు రేటు, ఇంకా కింద మబ్బో ఎండో. దాన్ని మొదటి పేజీలో, బొటనవేలు పడే చోట పెట్టుకున్నాడు.

"గిదొక్కటి పెట్టుకో బావా. తక్కినయన్నీ ఇడిచిపెట్టు" అని నన్ను బతిమాలేవాడు.

"మా ఇంట్ల శాంతవ్వ ఉన్నది బావా. రేటు, వాన, నేనెన్ని అడుగులు ఏసిన్నో, ఎన్ని గ్లాసులు తాగిన్నో అన్నీ అడగకుండనే చెప్తది. ఛార్జింగ్ గూడ అవసరం లేదు" అని తప్పించుకునేవాణ్ణి. శాంతవ్వ నా భార్య. ఈ మాట ఆమె వినలేదు కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను.

ఇక పసుపు సంగతి. పసుపు తవ్వడం ఒక ఎత్తు, ఉడకబెట్టడం ఒక ఎత్తు, ఆరబెట్టడం మాత్రం పూర్తిగా ఆకాశం చేతిలో ఉన్న పని. ఉడికించిన కొమ్ములను కళ్ళంలో పలచగా పోస్తే పదిహేను రోజుల ఎండ కావాలి. నడుమ వాన పడిందా, కొమ్ము నల్లబడుతుంది, లోపల బూజు పడుతుంది. మార్కెట్ యార్డుకు తీసుకుపోతే కొనేవాడు ఒక కొమ్ము విరుస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, ఏమీ అనకుండా పక్క కుప్పకు వెళ్ళిపోతాడు. తొమ్మిది నెలల పంటకు ఆ ఏమీ అనకపోవడమే జవాబు.

రెండేళ్ళ కింద ముత్తెమ్మ వాళ్ళకు సరిగ్గా అదే జరిగింది. బావ ఆకాశం చూసి, తెల్లగా ఉంది, వాన రాదన్నాడు. మధ్యాహ్నానికి వచ్చింది. సగం పసుపు పోయింది. ఆ తరువాతి వారమే ఆయన పెద్ద ఫోన్ కొన్నాడు. ఈసారి కళ్ళంలో కొమ్ములు పోసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ముత్తెమ్మ నడుముకు కొంగు బిగించి, చెక్కపారతో కొమ్ములు పలచగా నెరుపుతూ చెప్పింది.

"అన్నా, గీసారి గిట్ల ఖరాబైతే నేను మళ్ళ పసుపు పెట్ట. మా అత్తమ్మ ఇచ్చిన విత్తనం నలభై ఏండ్ల సంది దాసుకొస్తున్న. గది గూడ ఎవలకన్న ఇచ్చేస్త. మక్క పెట్టుకొని కూసుంట."

"గట్ల అనకే. మంచిగ ఎండుతయి."

"పసుపు ఎండ చేతుల ఉంటే ఎండుతయి. ఎండేమో గీయన చేతులున్నది" అని బావ వైపు చూపించింది. ఆయన వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో దానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఎండ ఉందో లేదో చూసుకోవడానికి.

మొదటి ఐదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు పొద్దున ఫోన్లో నల్ల మబ్బు కనిపించింది. మబ్బులోంచి నీలిచుక్కలు, పక్కన తొంభై శాతం. బావ కేకలు పెట్టుకుంటూ కళ్ళంలోకి పరుగెత్తాడు. టెంట్ హౌస్ నుంచి టార్పాలిన్లు కిరాయికి తెప్పించాడు. కూలికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు, ముత్తెమ్మ కలిసి కొమ్ములను కుప్పచేసి, కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. అందరూ రేకుల పాకలో వాన కోసం కూర్చున్నారు.

ఆ రోజు ఎండ ఎట్లాంటిదంటే, గుట్ట బండల మీద ఒక తొండ కాలు మార్చి కాలు నిలబడింది. కాసేపటికి నాలుగు కాళ్ళూ కాలిపోతుంటే తోక మీద కూర్చుంది. తోక కూడా కాలాక, పక్కనున్న తొండ వీపు మీదికెక్కింది. ఆ రెండో తొండ ఏం చేసిందో చూద్దామనుకునేలోపే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. వాన మాత్రం రాలేదు.

ఏడో రోజూ అంతే. ఎనిమిదో రోజూ అంతే. ఫోన్లో గంటలో వాన అని ఉంటుంది. గంట గడిచాక ఇంకో గంటలో వాన అని ఉంటుంది. తొమ్మిదో రోజు ముత్తెమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఆమె టార్పాలిన్ అంచు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"కింద చెయ్యి పెట్టి సూడన్నా."

పెట్టాను. అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. కొమ్ములు తడితడిగా ఉన్నాయి. ఆమె ఒక కొమ్ము తీసి విరవబోయింది. అది విరగలేదు, వంగింది. ఎండిన కొమ్ము విరిస్తే ఠక్కుమని గాజు పగిలినట్టు మోగాలి. ఆ మోత కోసమే పసుపు రైతు చెవి పెట్టుకుని ఉంటాడు.

బావ కూడా చెవి పెట్టుకునే ఉన్నాడు, తనది కాదు, ఫోన్‌ది. చప్పుడు కొలిచే బొమ్మ నొక్కి కొమ్ము దగ్గర పెట్టాడు. 'గ్రంథాలయంలో గుసగుస' అని వచ్చింది.

"ఇన్నవా అన్నా" అంది ముత్తెమ్మ. "మన పసుపు సదువుకుంటున్నదట."

నేను బావను పక్కకు తీసుకెళ్ళాను. "వాన ఏది బావా?"

"వస్తున్నది."

"నాలుగు రోజుల సంది వస్తున్నది. నడుసుకుంట వస్తున్నదా?"

"తొంభై శాతం ఉన్నది బావా. నువ్వే సూడు."

"మరి తక్కిన పది శాతమే రోజు మన మీద పడుతున్నదా? తీసెయ్ గా కవర్లు. కుప్ప కిందనే కుళ్ళిపోతది."

 ఆయన ఫోన్ తెర మీది పసుపు మరకను బొటనవేలితో తుడిచాడు. "గప్పుడు మొగులు సూసి నమ్మిన. సగం పంట వాయె. గా రోజు ముత్తెమ్మ నన్నొక్క మాట అన్లే. తిట్టినా మంచిగుండు. గందుకే గిది కొన్న. ఇంకోపారి గట్ల కావద్దు బావా."

  చెయ్యి ఊపి వచ్చేశాను.

మర్నాడు పదో రోజు. పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. గొంతులో పెళ్ళి కుదిరినంత సంబరం. "బావా, ఎండ. ఇయ్యాల ఎండ, రేపు ఎండ, ఎల్లుండి ఎండ. దోస్తు పది సూర్యులను వరుసగ పెట్టిండు. టార్పాలిన్లు టెంట్ హౌస్‌కు వాపస్ పంపిన. ముత్తెమ్మ కొమ్ములు నెరుపుతున్నది."

మంచిదే అనుకుని హోటల్‌కు వెళ్ళాను. చాయ్ సగం తాగేసరికి ముఖేష్ ఫోన్ చేశాడు. ముఖేష్ మా గల్లీలో ఉండే లారీ డ్రైవరు. మా దిక్కు పసుపును మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు తోలుకుపోతుంటాడు. సాంగ్లీలో నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుందేమోనని మావాళ్ళకు ఎప్పుడూ ఒక చెవి అటే ఉంటుంది.

"కాకా, మా ఇంట్ల జర చెప్పుండ్రి, రెండు రోజులు లేటయితది" అన్నాడు. "గీ సాంగ్లీల నాలుగు రోజుల సంది ఒకటే వాన. యార్డు ముంగట లారీ బురదల కూసున్నది. ఇయ్యాలనే మబ్బిడిసింది. గిప్పుడు కొడుతున్నది ఎండ, అబ్బో. ఇంక పది రోజులు వాన లేదంటున్నరు."

సరేనని పెట్టేశాను. చాయ్ గుటక వేశాను. నాలుగు రోజుల వాన. ఇవాళ్టి నుంచి ఎండ. పది రోజులు. ఈ లెక్క ఎక్కడో విన్నాననిపించింది. ఎక్కడ విన్నానో గుర్తుకు రాగానే గ్లాసు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. మిగిలిన చాయ్ గురించి ఇప్పటికీ బాధే.

కళ్ళమంతా బంగారు రంగు. కొమ్ములు చాపలా పరిచి ఉన్నాయి. ముత్తెమ్మ, కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఎండలో నెరుపుతున్నారు. బావ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"బావా, నీ రైతు దోస్తును జర సూపెట్టు."

ఆయన ముఖం వెలిగింది. రెండేళ్ళ తపస్సు ఫలించిందనుకున్నాడు. "పెట్టుకుంటవా? చేటెడు సూర్యులున్నరు సూడు."

"గా సూర్యుల మీద, గీ పైన ఏమో రాసున్నదేంది?"

"గదా, సాంగ్లీ."

"ఎందుకున్నది?"

"రేటుకు బావా. నిజామాబాద్ రేటు బస్టాండుల ఎవలనడిగినా చెప్తరు. సాంగ్లీది ఎవలు చెప్తరు? గందుకే మొన్న పైన సాంగ్లీ పెట్టుకున్న."

"మొన్నంటే ఎప్పుడు?"

"ఆరు దినాల కింద."

"మరి కింద మబ్బు ఎవలది?"

"మనది."

"మనదని ఎవలు జెప్పిండ్రు?"

బావ తెర మీదికి వంగాడు.  ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. నేను ముఖేష్ చెప్పింది చెప్పాను. 

"పోనీలే బావా" అన్నాను. "సాంగ్లీల గూడ ఒక రాజేశ్వర్ ఉండే ఉంటడు. పాపం ఆర్మూర్ రేటు పెట్టుకొని, మన ఎండను సూసి, నాలుగు రోజులు వానల పసుపు ఎండబోసుకున్నడేమో. ఇద్దరు ఒక దినం కలుసుకోండ్రి."

అప్పటికే ఆయన పేరు మార్చే పనిలో పడ్డాడు. సాంగ్లీ మీద వేలు పెడితే ఊళ్ళ జాబితా తెరుచుకుంది. ఆర్మూర్ నొక్కాడు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది, కింద 'దయచేసి వేచి ఉండండి' అని. బావ వేచి ఉన్నాడు. ముత్తెమ్మ మాత్రం ఉండలేదు. చెక్కపార ఆపి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఉత్తరం దిక్కు చూసింది. కళ్ళంలో కొమ్ముల మెరుపు ఒక్కసారిగా తగ్గింది. నందిపేట్ వైపు ఆకాశం ఉడికిన వంకాయ రంగులో ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద చక్రం పోయి గంగమణి ఫొటో వచ్చింది. గంగమణి బావకు అక్క, నందిపేట్ అవతల గోదావరి దిక్కున ఉంటుంది. ఆమె ఫోన్ చేస్తే అరగంట తక్కువ మాట్లాడదు. బావ కట్ చేశాడు.

"సక్కగ వాన సంగతి సూద్దామంటే గీమె అడ్డం వస్తది."

మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ముత్తెమ్మ వచ్చి ఫోన్ గుంజుకుంది.

"వదినా, చెప్పు."

గంగమణి గొంతు నాలుగడుగుల దూరంలో ఉన్న నాకు కూడా వినిపించింది. "ఓ ముత్తెమ్మ, వాడెందుకు కట్ చేస్తున్నడే? గీడ గోలీలంత రాళ్ళు పడుతున్నయి. మా రేకులు బొక్కలు వడ్డయి. గాలి మీ దిక్కే కొడుతున్నది. పసుపు ఎత్తుకోండ్రి బిరాన."

ముత్తెమ్మ ఫోన్‌ను కొమ్ముల మీద పడేసింది. "టార్పాలిన్లు?"

"వాపస్ పంపిన" అన్నాడు బావ.

ఆమె ఆయన వైపు చూసింది. ఏమీ అనలేదు. కొమ్ము విరిచి వాసన చూసి పక్క కుప్పకు పోయే బేరగాడు గుర్తొచ్చాడు నాకు. బావకు కూడా గుర్తొచ్చి ఉంటాడు. కుర్చీని తన్నేసి, చెక్కపార అందుకుని ఆడవాళ్ళ నడుమ కుప్ప చేయడంలోకి దిగాడు. నేను కుప్ప చేసే వయసులో లేను కాబట్టి నా నాలుగు బొమ్మల్లో మొదటిది నొక్కాను. టెంట్ హౌస్ ఆయన, వచ్చిన టార్పాలిన్లు వచ్చినట్టే డిచ్‌పల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళిపోయాయన్నాడు. తరువాత ప్రవీణ్‌కు చేశాను. ప్రవీణ్‌ది గుట్ట దారిలో మొబైల్ షాపు, బావకు ఆ డెబ్బై బొమ్మలూ ఎక్కించిన మహానుభావుడు ఆయనే.

"ప్రవీణ్, కప్పేటిది ఏమన్న ఉన్నదా నీ దగ్గర? రాజేశ్వర్ బావ పసుపు తడుస్తది."

"టార్పాలిన్ లేదు కాకా. ఫ్లెక్సీలున్నయి. కంపెనోళ్ళు షాపులకు కట్టమని ఇచ్చిండ్రు, ఒకటి గట్టిన, ఎనిమిది ఉత్తగ పడున్నయి."

"అన్నీ తే. ఏం ఫ్లెక్సీలని అడగకు, తే."

ప్రవీణ్ షట్టరు కూడా దించకుండా బండి మీద వచ్చాడు. ముందొక ఫ్లెక్సీల చుట్ట, వెనకొక చుట్ట. అప్పటికి కుప్ప నడుమెత్తు అయింది. గాలికి కళ్ళంలో పసుపు దుమ్ము లేచి అందరి ముఖాలూ గౌరమ్మల్లా అయ్యాయి. ఫ్లెక్సీలు ఒక్కొక్కటీ విప్పి పరిచాం. మంచి ఫ్లెక్సీలు, పడకగదంత వెడల్పువి. ఒక్కోదాని మీదా ఒక నవ్వే రైతు, తెల్లటి పంచె, చేతిలో ఫోన్, ఆకాశం వైపు చూపించే వేలు. పైన పెద్ద అక్షరాలతో: రైతు దోస్తు. దాని కింద: వానకంటే ముందే మీకు కబురు.

ఎనిమిది మంది రైతులు కుప్ప మీద పడుకుని ఆకాశం వైపు నవ్వుతుండగా వాన వచ్చింది. ముందు వేరుశనగ గింజంత రాళ్ళు, తరువాత గోలీలంత. నేను ఉసిరికాయలంత అని చెబుతుంటాను, శాంతవ్వ ఒప్పుకోదు. అంచుల మీద పెట్టడానికి రాళ్ళు చాలలేదు. గాలి ఉత్తరపు మూల ఫ్లెక్సీని ఎగరేయబోయింది. బావ పోయి ఆ మూల మీద కూర్చున్నాడు. ముత్తెమ్మ పాకలోంచి ఇనుప గంప విసిరితే తల మీద బోర్లించుకున్నాడు. రాళ్ళు దాని మీద పడి మోగుతుంటే కదలకుండా వాన ఆగేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఆయనలో తిట్టడానికి నాకెప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ అరగంట మాత్రం వెతికినా దొరకలేదు.

వాన ఆగింది. కుప్ప అంచున పడి ఉన్న ఫోన్ తడిసినా బతికే ఉంది. ఇంతకుముందు బర్రెతో అలవాటైంది కదా. చక్రం తిరగడం ఆగి టింగుమంది. ప్రవీణ్ తీసి చదివాడు.

"ఆర్మూర్. కొద్దిసేపట్లో వడగండ్ల వాన. పంటను భద్రపరచుకోండి."

 ముత్తెమ్మ ఫ్లెక్సీ మూల పట్టుకుని ఎత్తింది. మేమంతా వంగి చూశాం. కుప్ప నడుమ పొడి. పక్కలూ పొడి. ఒక్క పడమటి అంచున రెండు గంపల కొమ్ములు తడిశాయి. బావ కూర్చున్న మూల కింద చుక్క నీళ్ళు లేవు. ఆమె ఆయన తల మీది గంప తీసి, సొట్టలు పడ్డ అడుగును వేలితో తడిమింది.

"లె. తానం చేసి రా, జరమొస్తది" అంది.

నాలుగు రోజుల ఉక్కపోతకు కొమ్ములు మెత్తబడ్డాయి కాబట్టి ఎండడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆఖరి రోజు ముత్తెమ్మ కళ్ళం నడుమ నిలబడి ఒక కొమ్ము తీసి విరిచింది. ఠక్. బావ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. మళ్ళీ ఖాళీగానే బయటికి వచ్చింది. ఆమె ఇంకోటి విరిచింది, ఇంకోటి విరిచింది. కావాలనే విరుస్తోందని తెలుస్తూనే ఉంది. నేను వద్దనలేదు. పాలిష్ పట్టించి యార్డుకు తీసుకుపోతే కొనే ఆయన కొమ్ము వాసన చూసి అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ముత్తెమ్మ తన అత్త ఇచ్చిన విత్తన కొమ్ములను ఇంటి వెనక నీడలో కుప్పపోసి, ఎండుటాకులు కప్పి, పైన మట్టి మెత్తింది. ఎవరికీ ఇవ్వలేదు. ఆ పని అయ్యాక చేతులు కడుక్కుని, మొగుడిని వెంటబెట్టుకుని ప్రవీణ్ షాపుకు వెళ్ళింది. ఆ రోజు అక్కడ నేనూ ఉన్నాను. ఉండకపోతే నిద్ర పట్టేది కాదు.

"గీ బొమ్మలన్నీ తీసెయ్ బిడ్డా."

"అన్ని తీస్తే ఖాళీగ ఉంటది పెద్దమ్మా. ఏమన్న పనికొచ్చేటిది ఒకటి ఉంచుదాం."

"ఉంచు. గంగమణి వదిన ఫొటో పెట్టు. నొక్కితే నేరుగ ఆమెకే పోవాలె. పెద్దగ పెట్టు, గీయనకు కనవడాలె."

 ప్రవీణ్ ఒక్కొక్క బొమ్మనే పట్టుకుని చెత్తబుట్టలోకి లాగుతుంటే బావ, బడి నుంచి టీసీ ఇచ్చి పంపేస్తున్న పిల్లలను చూసినట్టు చూశాడు. అడుగుల బొమ్మ పోతుంటే, "గదొక్కటి ఉంచరాదు" అన్నాడు సన్నగా.

"బర్రెకు ఫోన్ కొనిస్తవా?" అంది ముత్తెమ్మ. అదీ పోయింది.

ఇప్పుడాయన హోమ్ స్క్రీన్ మీద ఒకే బొమ్మ. పచ్చచీర కట్టుకుని, ఫొటో తీసేవాణ్ణి అనుమానంగా చూస్తున్న గంగమణి. మబ్బు గోదావరి దిక్కు నుంచి వచ్చేటప్పుడు ముందు ఆమె ఇంటి మీదుగా రావాలి కాబట్టి, ఈ పద్ధతికి ఇంతవరకు తిరుగులేదు. రెండు మూడు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. వాన సంగతి చెప్పాక వెంటనే ఆపడానికి కుదరదు. బిడ్డల సంగతి, బర్రె సంగతి, మోకాళ్ళ నొప్పి సంగతి అన్నీ విన్నాకే అది ఆగుతుంది. పండక్కి చీర పెట్టకపోతే పనిచేయడం మానేస్తుందని బావ భయం.

నిన్న పొద్దున హోటల్లో బల్ల మీద ఫోన్ పెట్టుకుని ఆయన ఆ పచ్చచీర మీద వేలు నొక్కాడు. మక్కలు ఆరబోసుకునే రోజులు వచ్చాయి. అందరూ వినాలని స్పీకరు పెట్టింది నేను.

"అక్కా, మొగులెట్లున్నది మీకాడ?"

"గీడ ఎండనే ఉన్నది తమ్మీ" అంది గంగమణి. "నువ్వు జర సాంగ్లీల ఎట్లున్నదో సూసి చెప్పు."